పసిచేతిలో సూది: సిర ఎందుకు వాస్తుంది?

మధ్య అండమాన్‌లోని రంగత్‌కు నైరుతి రుతుపవనం ముందే వస్తుంది. కోస్తాలో రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగిలే రోజుల్లో అక్కడ చూరు నుంచి ధార ఆగదు. వానతో పాటే పిల్లలకు జ్వరాలు, విరేచనాలు, ఆయాసాలు మొదలవుతాయి. బిడ్డను భుజాన వేసుకుని ఊళ్లోని సామాజిక ఆరోగ్య కేంద్రానికి వచ్చేవాళ్లలో తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలవాళ్లు ఎక్కువ. తెలుగువాళ్లూ ఉంటారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో సుమారు 13 శాతం మందికి తెలుగే మాతృభాష. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వేటకు, కూలికి వెళ్లి అక్కడే ఉండిపోయిన కుటుంబాలు వాళ్లలో చాలా ఉన్నాయి.

ఆసుపత్రిలో చేరిన బిడ్డకు మొదట జరిగే పనుల్లో ఒకటి కాన్యులా అనే సన్నటి గొట్టాన్ని సిరలో పెట్టడం. రంగత్‌లోనైనా రాజమండ్రిలోనైనా దృశ్యం ఒకటే. పసుపు రంగు 24 గేజ్ గొట్టం, దాని మీద ప్లాస్టర్, చెయ్యి మడవకుండా కింద ఓ అట్టముక్క, పైన వేలాడే సీసా. రెండో రోజో మూడో రోజో బిడ్డ ఆ చెయ్యి ముట్టుకోనివ్వదు. ప్లాస్టర్ అంచున చర్మం వేడిగా, కాస్త ఉబ్బి ఉంటుంది. "నరం వాచింది సిస్టరమ్మా" అంటుంది తల్లి.

వైద్యులు దీన్ని ఫ్లెబైటిస్ అంటారు. తెలుగులో నరం అనే మాటను రక్తం మోసే సిరకూ వాడతాం, స్పర్శ తెలిపే నాడికీ వాడతాం. అందుకే చెయ్యి చచ్చుబడిపోతుందేమోనని హడలిపోయే తల్లులుంటారు. వాచింది సిర లోపలి పొర. చాలాసార్లు గొట్టం తీసేస్తే కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది. కానీ తగ్గేదాకా ఆ సిర పనికిరాదు, ఇంకో చోట పొడవాలి. ఏడాది బిడ్డ ఒంటి మీద సూది నిలిచే సిరలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉంటాయి. ఒక్కోసారి వాపు చీముకు తిరిగి, సూక్ష్మజీవులు రక్తంలోకి పాకుతాయి. అప్పుడు ఒక జబ్బుకు వైద్యానికి వచ్చిన బిడ్డకు ఇంకో జబ్బు తగులుకుంటుంది.

పుస్తకాలు ఈ వాపును మూడు రకాలుగా విడదీస్తాయి: గొట్టం ఒరుసుకుని వచ్చేది, మందు ఘాటుకు వచ్చేది, సూక్ష్మజీవుల వల్ల వచ్చేది. మంచం దగ్గర మాత్రం ఇవి విడివిడిగా కనపడవు. ఒరిసిన సిర ఘాటైన మందుకు త్వరగా లొంగుతుంది. వాచిన సిరలో కట్టిన నెత్తుటి గడ్డ సూక్ష్మజీవులకు ఇల్లవుతుంది. కాబట్టి పిల్లల విషయంలో ప్రమాద కారణం ఏది అని అడిగితే ఒక్క పేరుతో జవాబు రాదు.

ఎంతమందికి వస్తుంది? లెక్క చెప్పడం అనుకున్నంత తేలిక కాదు. 2014లో అచ్చయిన ఒక సమీక్షలో పరిశోధకులు 233 అధ్యయనాలు తిరగేస్తే, సిర వాపును కొలవడానికి వాడిన కొలబద్దలు 71 రకాలు తేలాయి. ఒకరు కాస్త ఎర్రబడితేనే వాపు అంటారు, మరొకరు సిర తాడులా గట్టిపడితే తప్ప ఒప్పుకోరు. అందుకే ఒక ఆసుపత్రి అంకెను ఇంకో ఆసుపత్రి అంకె పక్కన పెట్టి పోల్చడం మోసపోవడమే అవుతుంది. అయినా కొన్ని అంకెలు గుర్తుంచుకోదగ్గవి. 1992లో అమెరికాలోని పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం తీవ్రంగా జబ్బుపడిన 303 మంది పిల్లల్లో 654 కాన్యులాలను వెంబడించింది. 13 శాతంలో సిర వాచింది. 28 శాతంలో మందు సిర దాటి కండలోకి పోయింది. పెద్దవాళ్లలో వాపు గురించే ఎక్కువ మాట్లాడతాం కానీ, పసివాళ్లలో గొట్టం చెడిపోయే తీరు ఎక్కువగా ఈ రెండోదే. తల్లి కంటికి మాత్రం రెండూ వాపే. రెండింటికీ మొదట చేయాల్సింది కూడా ఒకటే: సీసా ఆపడం.

ఇక బిడ్డ ఒంటి సంగతి. ఆరు నెలలకూ రెండేళ్లకూ మధ్య పిల్లల చేతులు బొద్దుగా ఉంటాయి. ఇంట్లో అందరికీ ముద్దొచ్చే ఆ కొవ్వే నర్సుకు సిరను దాచేస్తుంది. నెలలు నిండకుండా పుట్టిన శిశువుల్లో సిరలు పైకి కనపడతాయి గానీ దారప్పోగుల్లా ఉంటాయి. విరేచనాలతో నీరు ఇంకిపోయిన బిడ్డలో సిర ముడుచుకుపోతుంది. ఎన్నిసార్లు పొడిస్తే అన్ని గాయాలు, అన్ని గాయాల దగ్గరా వాపుకు వీలు. 2008లో అమెరికా వైద్యులు ఒక చిన్న మార్కుల పద్ధతి తయారు చేశారు. అందులో చూసేవి నాలుగే: సిర కంటికి కనపడుతుందా, వేలికి తగులుతుందా, బిడ్డ వయసెంత, నెలలు నిండకుండా పుట్టిందా. మొత్తం పది మార్కుల్లో నాలుగో అంతకు మించో వస్తే మొదటి పోటు తప్పిపోయే అవకాశం సగానికి పైనే. ఆ పద్ధతికి యంత్రం అక్కర్లేదు, అర నిమిషం చాలు. మార్కు ఎక్కువొచ్చిన బిడ్డను కొత్తగా చేరినవాళ్ల చేతికి ఇవ్వకుండా, వార్డులో చెయ్యి తిరిగిన నర్సును పిలవాలన్న నిర్ణయానికి అది సరిపోతుంది. ఈ చిన్న పద్ధతి మన జిల్లా ఆసుపత్రుల గోడల మీద కనపడాలి.

గొట్టం లావు కూడా లెక్కలోకి వస్తుంది. 24 గేజ్ కాన్యులా బయటి వ్యాసం సుమారు 0.7 మిల్లీమీటర్లు. అది సిర వెడల్పులో సగం కూడా మించకూడదంటారు. గొట్టం చుట్టూ రక్తం పారుతుంటేనే లోపలికి పడే మందు పలచబడుతుంది. కాలవకు అడ్డంగా తూము బిగిస్తే నీళ్లు ఎలా నిలిచిపోతాయో, సన్నటి సిరలో లావు గొట్టం పెడితే రక్తం అలా నిలిచి, మందు చిక్కగా సిర గోడకే తగులుతూ ఉంటుంది.

ఆ మందు ఎంత ఘాటు? దీని గురించి వార్డుల్లో మాట్లాడుకునేది తక్కువ. రక్తం ఆమ్ల క్షార తూకం (పీహెచ్) 7.4 దగ్గర నిలకడగా ఉంటుంది. మొండి సూక్ష్మజీవులకు ఇచ్చే వాంకోమైసిన్ ద్రావణం 4కు అటూ ఇటూ ఉండే ఆమ్లం. మూర్ఛకు ఇచ్చే ఫెనిటాయిన్ 12 దగ్గర ఉండే క్షారం. మెదడువాపులో వాడే ఎసైక్లోవిర్ సుమారు 11. వీటిని బిడ్డ చేతి మీది సన్నటి సిరలోకి పంపుతాం. చిక్కదనం మరో కొలత. రక్తంలో కరిగినవాటి చిక్కదనం లీటరుకు 290 మిల్లీ ఆస్మోల్స్ అనుకుంటే, మామూలు సెలైన్ 308, పది శాతం గ్లూకోజ్ 500 దాటుతుంది, ఇరవై అయిదు శాతం గ్లూకోజ్ 1,260 దగ్గరికి చేరుతుంది. చేతి సిరకు 900 మించిన ద్రవం పంపొద్దని పోషక ద్రావణాల మార్గదర్శకాలు చెబుతాయి. చక్కెర పడిపోయిన బిడ్డకు ఇరవై అయిదు శాతం బదులు పది శాతం గ్లూకోజ్‌ను కిలో బరువుకు 5 మిల్లీలీటర్ల లెక్కన ఇవ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర చికిత్స పాఠాల్లో ఉన్నది. ఇది సిరకు మేలు చేసే సలహా కూడా. పొటాషియం క్లోరైడ్, కాల్షియం గ్లూకోనేట్, క్లాక్సాసిలిన్, యాంఫోటెరిసిన్ కూడా సిరను బాధించే మందులే. వీటిలో కాల్షియం కండలోకి కారితే చర్మం కుళ్లి ఊడిపోయేదాకా పోవచ్చు.

మందు మార్చలేకపోయినా అది ఇచ్చే తీరు మార్చొచ్చు. వాంకోమైసిన్‌ను మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాములు మించకుండా పలచబరిచి, కనీసం గంట సేపు ఎక్కించాలి. ఫెనిటాయిన్‌ను గ్లూకోజ్‌లో కలపకూడదు, కలిపితే స్ఫటికాలు పడతాయి. సెలైన్‌లోనే కలపాలి. రెండు మందుల మధ్య సెలైన్‌తో గొట్టం కడగాలి. గాజు ఆంపూల్ విరిచినప్పుడు రాలే కంటికి కనపడని ముక్కలు కూడా సిరను గీరతాయి. 1985లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వచ్చిన పరిశోధన మందు వెళ్లే దారిలో వడపోత పెడితే వాపు తగ్గుతుందని చూపించింది.

మందు ఎంపిక సిరకు ఎంత తేడా చేస్తుందో దీవుల జబ్బు ఒకటి బాగా చూపిస్తుంది. 1993లో వానలు వెనకబట్టే వేళ ఉత్తర అండమాన్‌లోని డిగ్లీపూర్ ప్రాంతంలో రక్తపు దగ్గుతో జనం చనిపోయారు. అండమాన్ రక్తస్రావ జ్వరం అని పేరు పెట్టిన ఆ జబ్బు లెప్టోస్పైరోసిస్ అని తర్వాత తేలింది. ఎలుక మూత్రం కలిసిన పొలం నీళ్ల నుంచి వచ్చే జబ్బు అది. అది ముదిరితే మందు సిరలోకే ఇవ్వాలి. పెన్సిలిన్ అయితే ఆరు గంటలకోసారి, వారం రోజులు: 28 సార్లు. సెఫ్ట్రియాక్సోన్ అయితే రోజుకొక్కసారి: 7 సార్లు. 2003లో థాయ్‌లాండ్ వైద్యులు తీవ్ర లెప్టోస్పైరోసిస్ రోగులు 173 మందిలో ఈ రెంటినీ పోల్చి, గుణం సమానమేనని చెప్పారు. ఏ మందు రాయాలో తేల్చేటప్పుడు సూక్ష్మజీవి గురించి ఆలోచిస్తాం, ధర గురించి ఆలోచిస్తాం. సిరను ఎన్నిసార్లు ముట్టుకోవాల్సి వస్తుందన్నది కూడా ఆ తక్కెడలో వేయాలి. 28కీ 7కీ ఉన్న తేడా పెద్దవాడి మోచేతికి అంతగా తెలియకపోవచ్చు. నాలుగేళ్ల పిల్ల ముంజేతికి తెలుస్తుంది.

ఎక్కడ పెట్టాలన్నది మరో చిక్కు. పెద్దలకు కాళ్ల మీద వద్దంటారు. ఇంకా నడవని పసిబిడ్డకు పాదం మీద పెట్టొచ్చు. కీలు మడిచే చోట పెడితే బిడ్డ చెయ్యి మడిచిన ప్రతిసారీ గొట్టం లోపల కత్తిలా కదులుతుంది. ముంజేయి మేలు. బిడ్డ బొటనవేలు చప్పరించే అలవాటున్నదైతే ఏ చెయ్యో తల్లిని అడిగి, రెండో చేతిని ఎంచుకోవడం అనుభవమున్న నర్సుల పద్ధతి. తల మీద సిరలు నెలల బిడ్డలకు పనికొస్తాయి. తెలుగు ఇళ్లలో ఇక్కడో సమస్య ఉంది. సింహాచలంలోనో తిరుపతిలోనో పుట్టువెంట్రుకలు తీయిస్తామని మొక్కుకున్న బిడ్డ తల మీద బ్లేడు పెడతామంటే తాతమ్మలు ఒప్పుకోరు. వాళ్ల అభ్యంతరం వైద్యానికి అడ్డం అనుకోనక్కర్లేదు. బ్లేడుతో గీస్తే చర్మం మీద సన్నటి గాట్లు పడి సూక్ష్మజీవులు చేరతాయి కాబట్టి, తప్పనిసరైతే కత్తెరతో కొద్దిగా కత్తిరించడమే మేలు. ఆ మాట వివరించి చెబితే చాలా ఇళ్లలో గొడవే ఉండదు.

రంగత్ లాంటి చోట వాతావరణం కూడా ఒక ప్రమాద కారణమే. ఏడాదికి 3,000 మిల్లీమీటర్ల దాకా వాన, ఆరని గాలి తేమ, కరెంటు పోతే ఆగిపోయే ఫ్యాను. బిడ్డ చెమటకు ప్లాస్టర్ జిగురు వదిలేస్తుంది. ఊడిన ప్లాస్టర్ కింద గొట్టం అటూ ఇటూ ఆడుతుంది, తడిసిన దూది కింద సూక్ష్మజీవులు పెరుగుతాయి. దాన్ని సరిచేయడానికి పాత ప్లాస్టర్ మీదే కొత్తది, దాని మీద ఇంకొకటి చుట్టుకుంటూ పోతే సూది దూరిన చోటు ఎవరికీ కనపడకుండా పోతుంది. వాపు మొదలైనా తెలిసేది మోచెయ్యి దాకా పాకాకే. సూది దూరిన చోటు కనపడేలా పారదర్శకపు పట్టీ వేసి, తడిసినా ఊడినా వెంటనే మార్చడం ఖర్చుతో కూడిన పనే. మళ్లీ పొడవడం అంతకంటే ఖరీదు.

గొట్టం ఎన్ని రోజులు ఉంచాలి? ఏళ్ల తరబడి నడిచిన వాదన ఇది. పెద్దవాళ్లకు మూడు నాలుగు రోజులకోసారి మార్చాలన్నది పాత నియమం. 2012లో ఆస్ట్రేలియా పరిశోధకులు లాన్సెట్ పత్రికలో 3,283 మంది పెద్దల మీద చేసిన పరీక్ష ఫలితాలు ప్రకటించారు. గడువు ప్రకారం మార్చినా, అవసరమైతేనే మార్చినా వాపు ఏడు శాతమే. పిల్లల విషయంలో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2011లోనే తేల్చింది: వైద్య కారణం ఉంటేనే మార్చాలి. రోజులు గడిచేకొద్దీ గొట్టం చెడే అవకాశం పోగవుతుందన్నది నిజమే. అలాగని బాగున్న గొట్టాన్ని గడువు పేరుతో పీకేసి, ఏడ్చే బిడ్డను నలుగురు పట్టుకుని మళ్లీ పొడవడం న్యాయం కాదు. గడియారం బదులు కన్ను పెట్టమన్నదే ఆ మార్గదర్శకాల సారం. ఇన్ఫ్యూజన్ నర్సుల ప్రమాణాలు పిల్లల్లో మందు ఎక్కుతున్నంతసేపూ కనీసం గంటకోసారి ఆ చోటు చూడమంటాయి. ముప్ఫై మంచాలకు ఒక్క నర్సు ఉన్న రాత్రి డ్యూటీలో ఆ గంట ఎలా దొరుకుతుందో ప్రభుత్వాలు జవాబు చెప్పాలి. నర్సుల సంఖ్య కూడా సిర వాపుకు ప్రమాద కారణమే.

ఇంత చెప్పుకున్నాక, అన్నిటికంటే తేలిగ్గా తప్పించగల కారణం ఒకటి మిగిలింది. అది అక్కర్లేని కాన్యులా. 51 దేశాల్లో నలభై వేలకు పైగా కాన్యులాలను లెక్కించిన అధ్యయనం 2018లో వెలువడింది. వాటిలో 14 శాతం ఏ మందుకూ వాడకుండా ఊరికే ఉన్నాయి. "రేపు అవసరం పడొచ్చు" అన్న ఆలోచనతో ఉంచేస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 మేలో ఈ గొట్టాల వల్ల వచ్చే ఇన్ఫెక్షన్ల మీద మొట్టమొదటి అంతర్జాతీయ మార్గదర్శకాలు ఇచ్చింది. అసలు గొట్టం అవసరమా, ఇంకా అవసరమా అన్నది వాటిలో మళ్లీ మళ్లీ వినిపించే ప్రశ్న.

మన ఊళ్లలో ఈ ప్రశ్న వేయడం కష్టం. రెండు సీసాలు ఎక్కిస్తే బలం వస్తుందన్న నమ్మకం తెలుగు పల్లెల్లో ఎంత గట్టిదో చెప్పనక్కర్లేదు. సీసా పెట్టని డాక్టరు దగ్గరికి రెండోసారి రారు. అర లీటరు అయిదు శాతం గ్లూకోజ్‌లో ఉన్నది 25 గ్రాముల చక్కెర. ఇంట్లో చెంబుడు పానకంలో అంతకంటే ఎక్కువే ఉంటుంది. తాగగలిగిన బిడ్డకు విరేచనాలప్పుడు ఓఆర్‌ఎస్ చాలని 1971లోనే రుజువైంది. బంగ్లాదేశ్ యుద్ధకాలంలో బన్‌గావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోతే, దిలీప్ మహలనబిస్ అనే వైద్యుడు ఉప్పు, చక్కెర, సోడా కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో నింపి కలరా రోగులకు తాగించాడు. సుమారు 30 శాతం ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. నిమోనియా సంగతీ అంతే. డొక్కలు ఎగరేస్తున్నా వేరే ప్రమాద సూచనలు లేని బిడ్డకు నోటి ద్వారా అమాక్సిసిలిన్ చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో నియమం మార్చింది. ఈ రెండు జబ్బుల్లోనే ఎన్ని వేల పసిచేతులు సూది తప్పించుకోగలవో!

వాపును ముందుగా పట్టేది ఎక్కువగా తల్లే. 1998లో బ్రిటిష్ నర్సు ఆండ్రూ జాక్సన్ చేసిన కొలబద్ద వాపును సున్నా నుంచి అయిదు దాకా అంచెలుగా కొలుస్తుంది. కానీ అందులో నొప్పికి, ఎరుపుకు పెద్ద పీట. మాట రాని బిడ్డ నొప్పి చెప్పలేదు, చామనఛాయ చర్మం మీద ఎరుపు తొందరగా తేలదు. అమెరికాలోని సిన్సినాటి పిల్లల ఆసుపత్రి నర్సులు నేర్పిన పద్ధతి మనకు బాగా కుదురుతుంది. ముట్టుకో, చూడు, పోల్చు. ముట్టుకుంటే మెత్తగా, పొడిగా, వెచ్చదనం ఎక్కువ లేకుండా ఉండాలి. చూస్తే పట్టీ తడి లేకుండా ఉండాలి. రెండో చేతితో పోల్చితే లావు సమానంగా ఉండాలి. చదువుతో పని లేని పరీక్ష ఇది.

భాష కూడా అడ్డం రాకూడదు. అండమాన్‌లో అందరినీ కలిపే భాష హిందీ. తెలుగులో నొప్పికి ఎన్ని మాటలు! మంట, సలుపు, గుంజు, పోటు, తీపు. మందు ఎక్కుతుండగానే "మంట" అని బిడ్డ ఏడిస్తే మందు ఘాటును అనుమానించాలి. సీసా ఆగాక కూడా "సలుపు" అంటే వాపు ముదిరిందేమో చూడాలి. అన్నిటినీ హిందీలో దర్ద్ అన్న ఒక్క మాటలో కుదిస్తే ఆ తేడా నర్సుకు చేరదు. మంటకు జలన్ అన్న మాట ఉంది. తల్లికి అది తెలిస్తే చాలు.

వాచాక ఏం చేయాలి? గొట్టం తీసేసి, చేతిని దిండు మీద ఎత్తి పెట్టాలి. మామూలు వాపుకు గోరువెచ్చటి కాపడం హాయినిస్తుంది. మెగ్నీషియం సల్ఫేట్, గ్లిజరిన్ కలిపిన కట్టు మన వార్డుల్లో తరతరాలుగా వాడుకలో ఉంది. ఘాటు మందు కండలోకి కారిందనుకుంటే మాత్రం కాపడం పెట్టకముందే వైద్యుణ్ని పిలవాలి, ఏ మందుకు వేడి, ఏ మందుకు చల్లదనం అన్నది వేరు వేరు. పసుపు, సున్నం పూయకూడదు. చీము, జ్వరం, భుజం వైపు పాకే గీత కనపడితే ఆలస్యం చేయరాదు.

రంగత్‌లో నయం కాని బిడ్డ పోర్ట్ బ్లెయిర్‌లోని జి.బి. పంత్ ఆసుపత్రికి వెళ్లాలి. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన ఆ నగరం రంగత్ నుంచి రోడ్డు మీద సుమారు 170 కిలోమీటర్లు. హంఫ్రీ జలసంధి మీద ఇప్పుడు వంతెన ఉంది. మిడిల్ స్ట్రెయిట్ జలసంధి దగ్గర మాత్రం వాహనాన్ని వెసెల్ (పెద్ద పడవ) మీదికి ఎక్కించి దాటించాలి. ఆ తర్వాత జారవా తెగ ఉండే అడవి గుండా సాగే దారి. గతుకులకు అంబులెన్స్ ఊగిన ప్రతిసారీ వేలాడే సీసా ఊగుతుంది, దాని గొట్టం చేతి మీది కాన్యులాను లాగుతుంది. బయల్దేరే ముందే గొట్టానికి ఒక మెలిక వదులుగా వేసి అతికించి, సెలైన్‌తో ఒకసారి కడిగి, తేదీ, వేళ పట్టీ మీద రాసుకోవాలి. రేవులో వెసెల్ కోసం ఆగినప్పుడు ఇంజిన్ ఆగుతుంది, కుదుపు ఆగుతుంది. దుప్పటి తీసి బిడ్డ రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూడడానికి ఆ కొద్ది నిమిషాలు సరిపోతాయి.